మోకాలు తెగిన ఆటగాడు: ఆపరేషన్ కన్నా ఆ తర్వాతి ఏడాదికే డబ్బు కావాలి

ప్రశ్న: మాది గుంటూరు. కొత్తపేటలో ఫ్యాన్సీ షాపు ఉంది. మా అబ్బాయికి 21 ఏళ్లు, బీకాం చివరి సంవత్సరం, యూనివర్సిటీ జట్టులో బాస్కెట్‌బాల్ ఆడతాడు. రైల్వే స్పోర్ట్స్ కోటా మీదే ఆశ పెట్టుకున్నాడు. పోయిన వారం మ్యాచ్‌లో ఎగిరి దిగుతుంటే ఎడమ మోకాలు మెలిపడింది. ఏసీఎల్ (మోకాలి ఎముకలను పట్టి ఉంచే లిగమెంటు) పూర్తిగా తెగింది, మెనిస్కస్ (ఎముకల మధ్య మెత్తలా ఉండేది) కూడా చిరిగిందని ఎంఆర్ఐలో వచ్చింది. ఆపరేషన్‌కి 2.2 లక్షలు చెప్పారు. 3 లక్షల ఫ్యామిలీ పాలసీ తీసుకుని 14 నెలలైంది. 4 లక్షల ఎఫ్‌డీ, మా ఆవిడ బంగారం ఉన్నాయి. బంగారం తాకట్టు పెట్టమంటారా? అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడిన డెరిక్ రోజ్ లాంటివాళ్లు మోకాలు తెగాక కూడా కోట్లు తీసుకున్నారు, ఈ ఖర్చు ఎక్కడికీ పోదంటాడు మావాడు.

జవాబు: బంగారం ఇంట్లోనే ఉంచండి. ముందు పాలసీ సంగతి చూద్దాం.

మోకాలికి సంబంధించిన చికిత్సలకు చాలా పాలసీల్లో రెండు మూడేళ్లు ఆగాలన్న షరతు ఉంటుంది. ప్రమాదం వల్ల తగిలిన దెబ్బకు అది వర్తించదు. కాబట్టి ఇది ప్రమాదమేనని కాగితం మీద కనపడాలి. ఏ తేదీన, ఏ మ్యాచ్‌లో, ఎలా దిగుతుంటే మెలిపడిందో కేస్ షీటులో మొదటి రోజే రాయించండి. ఇలాంటి క్లెయిములు ఎక్కువగా చెడేది ఇక్కడే. 'రెండేళ్లుగా అప్పుడప్పుడు నొప్పి' అని అబ్బాయి మాటవరసకు అన్నది డ్యూటీ డాక్టర్ రాసేస్తే, పాత జబ్బని కంపెనీ తిప్పి పంపిస్తుంది. నిజంగా పాత దెబ్బ ఉంటే మాత్రం దాచొద్దు, దాన్నీ దీన్నీ విడివిడిగా రాయించండి.

రెండోది గది అద్దె. మీ పాలసీలో రోజుకు బీమా మొత్తంలో 1 శాతం అన్న పరిమితి ఉంటే 3,000 దాకానే ఇస్తారు. 5,000 గది తీసుకుంటే పోయేది ఆ 2,000 తేడా ఒక్కటే కాదు. సర్జన్ ఫీజు, థియేటర్ చార్జీలు కూడా అదే నిష్పత్తిలో, అంటే 40 శాతం కోసేస్తారు. మందులకు, ఇంప్లాంట్లకు ఈ కోత ఉండదు. అందుకే పరిమితిలోపు గదే తీసుకోండి.

వాపు తగ్గి, కాలు నిటారుగా చాపగలిగేదాకా ఈ ఆపరేషన్ చేయరు. మోకాలు ఇరుక్కుపోయి అసలు కదలకపోతే తప్ప తొందర ఉండదు. ఆ రెండు మూడు వారాల్లో క్యాష్‌లెస్ అనుమతి (ఆసుపత్రికి కంపెనీయే నేరుగా కట్టేలా) తెచ్చుకోండి. ఫీజుతో పాటు విద్యార్థి ప్రమాద బీమా ఏమైనా కట్టించుకున్నారేమో కాలేజీ ఆఫీసులో అడగండి.

బీమా పోగా మీ చేతి నుంచి పడే దానికి ఎఫ్‌డీ మీద ఓవర్‌డ్రాఫ్ట్ (ఎఫ్‌డీని రద్దు చేయకుండా దాని మీద వాడుకునే అప్పు) తీసుకోండి. సాధారణంగా ఎఫ్‌డీ వడ్డీకి 1, 2 శాతం ఎక్కువ వేస్తారు, అదీ వాడుకున్న మొత్తానికే. ఆ ఎఫ్‌డీలోనే ఒక లక్షను ఆపరేషన్ తర్వాతి ఏడాదికని ఇప్పుడే లెక్కలో పక్కన పెట్టండి. ఫిజియోథెరపీ వారానికి 3 సిట్టింగులు, ఒక్కోటి 500 అనుకున్నా ఆరు నెలలకు 39,000. చాలా పాలసీలు డిశ్చార్జి తర్వాత 60 రోజుల ఖర్చే ఇస్తాయి, మిగతాది మీదే. బ్రేసు, జిమ్, రానుపోను ఖర్చులు దీనికి అదనం. డబ్బు చాలక నాలుగో నెలలో ఫిజియో మానేసిన కాలికి తొడ కండ బలం రాదు. రెండో కాలి బలంలో కనీసం 90 శాతం రాకుండా, తొమ్మిది నెలలు నిండకుండా కోర్టులోకి దిగితే మళ్లీ తెగే ప్రమాదం బాగా ఎక్కువ.

ఇక డెరిక్ రోజ్ సంగతి. అతని ఎడమ ఏసీఎల్ తెగింది 2012 ఏప్రిల్‌లో. ఐదేళ్ల పాటు సాగే సుమారు 9.4 కోట్ల డాలర్ల ఒప్పందం మీద సంతకం పెట్టింది అంతకు ముందు డిసెంబరులోనే. ఎన్‌బీఏలో గాయపడినా గ్యారంటీ జీతం ఆగదు కాబట్టి డబ్బు వచ్చింది. ఆ ఒప్పందం అయిపోయాక 2017లో క్లీవ్‌లాండ్ జట్టు ఇచ్చింది 21 లక్షల డాలర్లే, అంటే ముందు ఏడాది జీతంలో పదో వంతు. ఇంకో ఎన్‌బీఏ ఆటగాడు జాక్ లవీన్‌కి 2017 ఫిబ్రవరిలో ఏసీఎల్ తెగితే మరుసటి ఏడాదే నాలుగేళ్లకు 7.8 కోట్ల డాలర్లు దక్కాయి. అప్పటికి అతని వయసు 23. గాయానికి ముందే ఒప్పందం ఉండాలి, లేదా తర్వాత వయసు ఉండాలి. మీవాడి చేతిలో ఒప్పందం లేదు. వయసు ఉంది, దానికీ గడువుంది.

రైల్వే ఓపెన్ నోటిఫికేషన్లకు 18 నుంచి 25 ఏళ్లు, సడలింపు లేదు. ట్రయల్స్‌లో 40కి 25 రాకపోతే తర్వాతి దశకు పిలవరు. ఆట సర్టిఫికెట్లు ఆ ఆర్థిక సంవత్సరానివీ, దాని ముందు రెండేళ్లవీ మాత్రమే చూస్తారు. 2024-25లో గెలిచిన మెడల్ 2026-27 నోటిఫికేషన్ దాకానే పనికొస్తుంది. కాబట్టి అబ్బాయిని కూర్చోబెట్టి, ప్రతి సర్టిఫికెట్ పక్కన అది ఏ ఏడాదితో అయిపోతుందో రాయండి. కోలుకోవడానికి ఏడాది, మళ్లీ జట్టులో చోటు తెచ్చుకోవడానికి ఒక సీజన్ పోతే 23 వస్తుంది. మిగిలేది రెండు, మహా అయితే మూడు నోటిఫికేషన్లు. ఈ ఆపరేషన్ తప్పకుండా చేయించండి, 21 ఏళ్ల పిల్లాడు జీవితాంతం నడవాల్సిన కాలు అది. ఉద్యోగం మాత్రం దాని మీదే ఆధారపడకూడదు. డిగ్రీ ఈ ఏడాదే పూర్తవ్వాలి. పరీక్షలకు ఊతకర్రలతో వెళ్లాల్సి వచ్చినా సరే.

చివరిగా, రెన్యువల్ తేదీ తప్పనివ్వకండి. ఇప్పుడు కొత్త కంపెనీకి వెళ్తే ఈ మోకాలు పాత జబ్బుల జాబితాలోకి ఎక్కుతుంది. మారాల్సే వస్తే కొత్త పాలసీ కొనకుండా, ఉన్నదాన్నే పోర్ట్ (ఇప్పటిదాకా గడిచిన వెయిటింగ్ కాలం పోకుండా మరో కంపెనీకి మార్పు) చేయించుకోండి.