మార్కెట్ డల్‌గా ఉన్నప్పుడు సేల్స్‌లో ఉన్నవాళ్లు నీరుగారిపోకుండా ఉండాలంటే ఏం చేయాలి?

ఆర్డర్ల అంకె కాసేపు పక్కనపెట్టి, మీ చేతిలో ఉన్న పనిని రోజూ లెక్కేసుకోవాలి: ఎన్ని షాపులు తిరిగారు, ఎన్ని కొటేషన్లు ఇచ్చారు, పాత బాకీ ఎంత వసూలైంది.

మందగమనంలో కస్టమర్ చాలాసార్లు వద్దనడు, "వచ్చే నెల చూద్దాం" అంటాడు. డబ్బు చేతిలో ఉంచుకోవాలని అతని ఆలోచన. దాన్ని తిరస్కారం అనుకున్నవాళ్లు తిరగడం తగ్గిస్తారు, దాంతో వచ్చే నాలుగు ఆర్డర్లూ రావు. అలా అన్నప్పుడు తేదీ అడిగి రాసుకుని, ఆ రోజే ఫోన్ చేయాలి.

టైల్స్ అమ్మేవారికి 10 కొటేషన్లకు 2 ఆర్డర్లు వచ్చేవి, ఇప్పుడు 1 వస్తోంది అనుకుందాం. ఆ 2 కావాలంటే 20 కొటేషన్లు ఇవ్వాలి. కొత్త ఇళ్లు ఆగిపోయినా బాత్రూమ్ రిపేర్లు ఆగవు కాబట్టి బిల్డర్ల కన్నా మేస్త్రీల చుట్టూ తిరగడం మేలు.

పాజిటివ్‌గా ఉండటమంటే నవ్వుతూ డిస్కౌంట్ ఇచ్చేయడమని చాలామంది పొరపడతారు. 100 రూపాయల సరుకులో 20 లాభం ఉంటే, 10 శాతం తగ్గింపుతో సగం లాభం పోయినట్టే. అదే లాభం రావాలంటే రెట్టింపు అమ్మాలి. నెలాఖరున టార్గెట్ కోసం డీలర్ నెత్తిన సరుకు దింపడం ఇంకా చేటు. అది రిటర్న్‌గానో, మొండి బాకీగానో తిరిగి మీ మెడకే చుట్టుకుంటుంది.