స్క్రీన్ నల్లబడితే ఫార్మాట్ కొట్టకు

బుజ్జీ,

ల్యాప్‌టాప్‌లో విండోస్ పీకేసి ఉబుంటు లినక్స్ వేశావట, స్క్రీన్ నల్లబడుతోందని ఇప్పుడు గ్రబ్‌లో (ఆన్ చేయగానే సిస్టమ్‌ని లేపే ప్రోగ్రామ్) కెర్నల్ ఆప్షన్లు, అంటే సిస్టమ్ గుండెకాయకి ఇచ్చే సూచనలు, మారుస్తానంటున్నావట, మీ నాన్న చెప్పాడు. నా పిచ్చి మన ఇంట్లో ఇంకొకరికి పట్టిందని పొంగిపోయాను కానీ రాత్రంతా నిద్ర లేదు. ముందు ఫొటోలూ ప్రాజెక్టు ఫైళ్ళూ బయటి డిస్క్‌లోకి కాపీ చెయ్. చేశానని అబద్ధం చెప్పకు, నీ సంగతి నాకు తెలుసు.

తర్వాత, ఏ ఫైలూ ముట్టుకోకుండా ఆ ఆప్షన్ ఒక్క బూట్‌కి వేసి చూడు. ఆన్ చేయగానే ఎస్కేప్ (పాత బయోస్ మెషీన్ అయితే షిఫ్ట్) నొక్కితే గ్రబ్ మెనూ వస్తుంది, ఉబుంటు వరుస మీద ఇంగ్లిష్ 'ఈ' కొట్టు. 'లినక్స్' అని మొదలయ్యే వరుస చివర ఒక ఖాళీ వదిలి ఇంగ్లిష్‌లో నోమోడ్‌సెట్ (nomodeset, కెర్నల్ స్క్రీన్ మోడ్ మార్చకుండా ఆపే మాట) అని రాసి ఎఫ్10 నొక్కు. అదే వరుసలో రూట్ పక్కన పొడుగ్గా ఉండే యూయూఐడీ (డిస్క్ భాగం గుర్తింపు నంబరు) జోలికి మాత్రం పోకు. కుదరకపోతే రీస్టార్ట్ చెయ్, రాసింది పోతుంది, డిస్క్ మీద ఏమీ మారదు.

నాకు ఆ రోజుల్లో ఇది తెలియదు. ఎవరో చెప్పారని బూట్ ఫోల్డర్లోని గ్రబ్ డాట్ సీఎఫ్‌జీ తెరిచాను. ఈ ఫైల్ ఎడిట్ చేయొద్దని పైనే పెద్దక్షరాల్లో ఉంది. ఉంటే ఏం, మనకన్నీ తెలుసుగా! నోమోడ్‌సెట్ అందులోనే ఇరికించాను, మూడు నెలలు బండి నడిచింది. ఆ తర్వాత కెర్నల్ అప్‌డేట్ వచ్చింది. అది వచ్చినప్పుడల్లా ఆ ఫైల్ కొత్తగా తయారవుతుంది, నేను రాసిన ముక్క గల్లంతు. పొద్దున్నే ఆన్ చేస్తే నల్ల స్క్రీన్, ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. మీ పిన్ని తెచ్చిపెట్టిన ఉప్మా పక్కనే చల్లారిపోతోంది, నేనేమో హార్డ్‌డిస్క్ పోయిందని తేల్చేశాను. ఎవరినైనా అడిగితే పరువు పోతుందని అడగలేదు. సీడీ పెట్టి డిస్క్ మొత్తం ఫార్మాట్ కొట్టాను. ఇన్‌స్టాల్ సగంలో ఉండగా గుర్తొచ్చింది, మీ అత్త పెళ్ళిలో నాయనమ్మ పాడిన తలుపు దగ్గర పాటలు అందులోనే ఉన్నాయని. వేరే కాపీ లేదు. అప్పటికి ఆవిడ పోయి ఏడాది. డిస్క్‌కి ఏమీ కాలేదు బుజ్జీ, ఆ వరుసలో ఒక మాట లేదు, అంతే.

సరే. స్క్రీన్ వచ్చిందంటే శాశ్వతంగా పెట్టుకో, అదీ సిస్టమ్ ఫైళ్ళు కెలక్కుండానే. ఈటీసీలో డీఫాల్ట్ లోపల గ్రబ్ డాట్ డీ ఫోల్డర్ ఉంటుంది, లేకపోతే చేసుకో. అందులో నీ సొంత ఫైల్ ఒకటి పెట్టు, పేరు చివర డాట్ సీఎఫ్‌జీ లేకపోతే గ్రబ్ పట్టించుకోదు. గ్రబ్ సీఎండీలైన్ లినక్స్ డీఫాల్ట్ (GRUB_CMDLINE_LINUX_DEFAULT) వేరియబుల్‌కి, కోట్స్ మధ్య, పాత విలువ వచ్చేలా అదే పేరు ముందు డాలర్ గుర్తు పెట్టి రాసి, దాని వెనక ఒక ఖాళీ వదిలి నోమోడ్‌సెట్ చేర్చు, లేదంటే అందులో అంతకుముందున్న ఆప్షన్లన్నీ పోతాయి. సూడో అప్‌డేట్-గ్రబ్ (sudo update-grub) కమాండ్ కొట్టి రీస్టార్ట్ చేశాక, ప్రోక్ ఫోల్డర్లోని సీఎండీలైన్ ఫైల్లో నీ మాట కనిపించాలి. వద్దనుకుంటే నీ ఫైల్ తీసేసి మళ్ళీ అప్‌డేట్ గ్రబ్. గ్రాఫిక్స్ డ్రైవర్ సరిగ్గా పడ్డాక దాన్ని తీసెయ్ కూడా, అది ఉన్నంతకాలం గ్రాఫిక్స్ నత్తనడకే.

మళ్ళీ నల్లబడితే రాత్రి రెండైనా ఫోన్ చెయ్. అన్నట్టు, మీ నాన్న పాత నోకియాలో ఆ పాటలేమైనా మిగిలాయేమో అడిగి చూడు. నేనడిగితే ఫార్మాట్ సంగతి ఎత్తి తిట్లు మొదలుపెడతాడు.

మీ బాబాయ్