ఆర్‌ఎమ్‌మాడ్ చేసినప్పుడు అప్పుడప్పుడూ క్రాష్: తప్పు రిమూవ్ ఫంక్షన్‌లో ఉంది

మీ లినక్స్ డ్రైవర్ మాడ్యూల్‌ను ఆర్‌ఎమ్‌మాడ్‌తో (కెర్నల్ నుంచి మాడ్యూల్‌ను తీసేసే ఆదేశం) పది సార్లు తీస్తే ఒకటి రెండు సార్లే కెర్నల్ పడిపోతోందని రాశారు. మీ రిమూవ్ కోడ్‌లో (డ్రైవర్‌ను తీసేటప్పుడు నడిచేది) క్యాన్సిల్_డిలేయ్డ్_వర్క్ (కాసేపాగి నడపమని క్యూలో పెట్టిన పనిని రద్దు చేసే ఫంక్షన్) పిలిచి, వెంటనే కేఫ్రీతో మెమొరీ వదిలేస్తున్నారు. ఆ రద్దు ఫంక్షన్ క్యూలో ఇంకా ఎదురుచూస్తున్న పనిని మాత్రమే తీసేస్తుంది. అదే పని అప్పటికే మరో సీపీయూ మీద నడుస్తుంటే అది పూర్తయ్యేదాకా ఆగదు. మీరు మెమొరీ వదిలేశాక కూడా ఆ పని దాన్నే తాకుతోంది.

దాని బదులు చివర సింక్ ఉన్న రూపం, క్యాన్సిల్_డిలేయ్డ్_వర్క్_సింక్ వాడండి. నడుస్తున్న పని ముగిసేదాకా అది ఆగుతుంది, తనను తాను మళ్ళీ క్యూలో పెట్టుకునే పనిని కూడా సరిగ్గా ఆపుతుంది.

అయితే అంతటితో సరిపోదు, ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. మీ ఇంటరప్ట్ హ్యాండ్లర్ (హార్డ్‌వేర్ నుంచి సంకేతం రాగానే నడిచే ఫంక్షన్) కూడా అదే పనిని క్యూలో పెడుతోంది కదా. దాన్ని నమోదు చేయడానికి మీరు డెవ్ఎమ్_రిక్వెస్ట్_ఐఆర్‌క్యూ వాడారు కాబట్టి, రిమూవ్ ముగిశాకే ఇంటరప్ట్ విడుదలవుతుంది. మీరు రద్దు చేశాక ఒక్క ఇంటరప్ట్ వచ్చినా పని మళ్ళీ క్యూలోకి చేరుతుంది. కాబట్టి రిమూవ్‌లో ముందు డెవ్ఎమ్_ఫ్రీ_ఐఆర్‌క్యూ (ఇంటరప్ట్‌ను అప్పుడే విడుదల చేసేది), తర్వాత రద్దు, ఆ తర్వాతే కేఫ్రీ. ఈ వరస మార్చకండి. మీ కెర్నల్ 6.10 లేదా ఆపైదైతే డిసేబుల్_డిలేయ్డ్_వర్క్_సింక్ ఉంది. దాని తర్వాత ఎవరు క్యూలో పెట్టబోయినా ఆ పని చేరదు.

ఇంకో మాట. మీ పని ఫంక్షన్ తీసుకునే మ్యూటెక్స్‌ను (ఒకసారికి ఒకరికే దొరికే తాళం) పట్టుకుని సింక్ రద్దును పిలవకండి, రెండూ ఒకదానికోసం ఒకటి ఆగిపోతాయి. లాక్‌డెప్ (తాళాల తప్పులు పట్టేది), కాసాన్ (మెమొరీ తప్పులు పట్టేది) రెండూ కెర్నల్‌లో ఆన్ చేసి మళ్ళీ పరీక్షించండి. ఇంకా పడితే కాసాన్ ఇచ్చిన ట్రేస్ మొత్తం ఇక్కడ పెట్టండి, చూస్తాను.