గోడలోంచి తిడుతున్నారంటోంది

ప్రశ్న: మా పాపకు తొమ్మిదేళ్లు. ఏడెనిమిది నెలలుగా గోడలోంచి ఎవరో తిడుతున్నారని చెవులు మూసుకుంటోంది. ఆటలు మానేసింది, చదువులో బాగా వెనకబడింది. డాక్టరు స్కిజోఫ్రీనియా (నిజానికీ భ్రమకూ తేడా తెలియకుండా పోయే మానసిక జబ్బు) అని చెప్పి, దానికి వాడే రిస్పెరిడోన్ సిరప్ మొదలుపెట్టారు. ఇంత చిన్నపిల్లలకూ ఇది వస్తుందా? నా పెంపకంలో లోపమా? అక్కడ ఎవరూ లేరని ఎంత చెప్పినా వినదు, ఇంకా ఏడుస్తుంది.

జవాబు: వస్తుందమ్మా, కానీ చాలా అరుదు. 13 ఏళ్లు నిండకముందే మొదలవడం దాదాపు 40 వేల మంది పిల్లల్లో ఒకరిలోనే కనిపిస్తుంది. అంత అరుదైన జబ్బు కాబట్టి, పిల్లల మానసిక వైద్యంలో అనుభవమున్న మరో డాక్టరుకు కూడా చూపించండి. అది మీ డాక్టరును అనుమానించడం కాదు. మాటలు వినిపించే పిల్లలందరికీ స్కిజోఫ్రీనియా ఉండదు. నిద్రలోకి జారుకునేటప్పుడు మాత్రమే వినిపిస్తే అది మామూలే. మూర్ఛ, థైరాయిడ్, స్టెరాయిడ్ మందుల వల్లా వినిపించవచ్చు. కొద్ది రోజుల్లోనే పిల్ల పూర్తిగా మారిపోయి, మాట తగ్గి, ఫిట్స్ వచ్చి, మూతి వింతగా కదులుతుంటే మెదడు వాపు ఉందేమో చూడాలి. దాని వైద్యం పూర్తిగా వేరు. లక్షణాలు మొత్తం మీద ఆరు నెలలైనా ఉంటేనే స్కిజోఫ్రీనియా అంటారు. మీ పాప విషయంలో ఆ గడువు దాటింది.

పెంపకం సంగతి. 1948లో ఫ్రీడా ఫ్రామ్-రైక్‌మన్ అనే మానసిక వైద్యురాలు ఈ జబ్బుకు తల్లినే కారణంగా చూపుతూ ఒక పేరు పెట్టారు. ఆ మాట దశాబ్దాల పాటు తల్లుల్ని ఏడిపించింది. కవలల మీద, దత్తత వెళ్లిన పిల్లల మీద జరిగిన అధ్యయనాల తర్వాత ఆ వాదం నిలబడలేదు. పెంపకం వల్ల ఈ జబ్బు రాదు. అయితే ఇంట్లో రోజూ విసుగు, దెప్పిపొడుపులు ఉంటే తగ్గిన జబ్బు త్వరగా తిరగబెడుతుందన్నది మాత్రం నిజం.

ఇక ఆ గోడ సంగతి. 'అక్కడ ఎవరూ లేరు' అన్నప్పుడు పాపకు అర్థమయ్యేది 'అమ్మ నన్ను నమ్మట్లేదు' అని. గోడలోంచి వచ్చే ఆ మాట పాప చెవికి మన మాటంత స్పష్టంగానే వినిపిస్తుంది. అలాగని మీరు వెళ్లి గోడను కొట్టి, 'వాణ్ని వెళ్లగొట్టాను' అనకూడదు. అప్పుడు వాడు నిజంగానే ఉన్నాడని మీరే ఒప్పుకున్నట్టవుతుంది. ఈ రెంటికీ మధ్య దారి ఒకటుంది: "నాకు వినపడట్లేదు తల్లీ. నీకు వినిపిస్తోందని తెలుసు. భయంగా ఉందా?" అనండి. జవాబు విని, వెంటనే గది మార్చండి. ఇద్దరూ కలిసి పైకి చదవండి, లేదా కూనిరాగం తీయమనండి. గొంతు కదులుతున్నంతసేపు చాలామందికి ఆ మాటలు పలచబడతాయి. హెడ్‌ఫోన్లలో పాట పెట్టినా కొందరికి పనిచేస్తుంది. ఇవేవీ మందుకు బదులు కావు, ఆ పావుగంట గట్టెక్కడానికే.

మరో సంగతి నేరుగా అడగండి: "ఆ గొంతు ఏదైనా చెయ్యమని చెబుతోందా?" తనను గాని మరొకరిని గాని గాయపరచమని చెబుతోందని తెలిస్తే ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. మందులు, కత్తులు తాళంలో పెట్టి, తాళంచెవి పెద్దవాళ్ల దగ్గరే ఉంచుకోండి.

సిరప్‌ను చెంచాతో కొలవకండి. సీసాతో ఇచ్చే పిపెట్‌తోనో, సూది లేని సిరంజితోనో కొలవండి. చిన్నపిల్లల డోసు మిల్లీలీటరులో ఏ పావువంతో అరవంతో ఉంటుంది, చెంచాతో అది రెట్టింపైపోతుంది. నీళ్లలో కలపొచ్చు గాని టీలో, కోలాల్లో కలపకూడదు. నిద్ర, ఆందోళన ముందుగా కుదుటపడతాయి. గోడలోంచి వినిపించే మాటలు తగ్గడానికి సరైన డోసులో నాలుగు నుంచి ఆరు వారాలు చూడాలి. మొదటి రోజుల్లో మెడ ఓ పక్కకు తిరిగిపోయినా, కళ్లు పైకి తేలిపోయినా, నాలుక బిగుసుకున్నా భయపడకుండా అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. ఇంజక్షన్ ఇస్తే సాధారణంగా నిమిషాల్లోనే సడలుతుంది. తీవ్ర జ్వరంతో ఒళ్లు కర్రలా బిగుసుకుపోతే ఒక్క గంట కూడా ఆగకండి.

తరచూ పొరపాటు జరిగేది మరోచోట. పాప కుదురుగా కూర్చోలేక కాళ్లాడిస్తూ, గది పొడవునా తిరుగుతుంటే జబ్బు ముదిరిందనుకుని డోసు పెంచమంటారు. అది మందు తెచ్చిన అశాంతి కావచ్చు. పెంచితే ఇంకా పెరుగుతుంది. ఒక నిమిషం వీడియో తీసి డాక్టరుకు చూపించండి, నోటి మాటకన్నా అది నయం. ఒక నోటు పుస్తకంలో నిద్రపోయిన గంటలు, మాటలు వినిపించిన వేళ, అంతకుముందు ఏం జరిగింది, మందు ఇచ్చిన సమయం రాయండి. బరువు వారానికోసారి ఒకే వేళ చూడండి, ఈ మందుతో ఆకలి పెరుగుతుంది. పరగడుపు చక్కెర, కొవ్వు పరీక్షలు మొదట్లో ఒకసారి, మూడు నెలలకు మళ్లీ చేయించాలి. ఒక పూట మర్చిపోతే తర్వాతి పూట రెండు డోసులు కలిపి ఇవ్వకండి. 'తగ్గిందిగా' అని సొంతంగా ఆపేయడమే అన్నిటికన్నా పెద్ద తప్పు.

ప్రశ్న: మా బాబుకు పన్నెండేళ్లు. బైపోలార్‌కు (ఉద్రేకం, కుంగుబాటు విడతలుగా వచ్చే జబ్బుకు) లిథియం మాత్రలు వాడుతున్నాం. మొన్న వాంతులు, విరేచనాలు అయ్యాయి. జ్వరానికి ఇంట్లో ఉన్న ఐబుప్రోఫెన్ ఇచ్చాం. చేతులు వణికాయి. ఎందుకు?

జవాబు: మూత్రపిండాలు లిథియంను ఉప్పులాగే చూస్తాయి. వాంతులు, విరేచనాలతో నీరూ ఉప్పూ పోయినప్పుడు, ఉన్న ఉప్పును పట్టి ఉంచుకునే పనిలో లిథియంనూ పట్టి ఉంచుతాయి. ఐబుప్రోఫెన్ కూడా దాన్ని బయటికి పోనివ్వదు. రెండూ కలిసి రక్తంలో లిథియంను పెంచి ఉంటాయి. జ్వరానికి పారాసిటమాల్ వాడండి. ఇలాంటి రోజున తర్వాతి డోసు ఇచ్చేముందే డాక్టరుకు ఫోన్ చేయండి. సన్నటి వణుకు పెద్ద కుదుపుల్లా మారినా, మాట ముద్దగా వచ్చినా, నడక తూలినా అత్యవసరంగా రక్తపరీక్ష చేయించాలి.

రక్తంలో లిథియం సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.2 మిల్లీమోల్స్ మధ్య ఉండాలి. 1.5 దాటితే విషప్రభావం మొదలవుతుంది. ఆ రక్తం చివరి డోసు తర్వాత 12 గంటలకు తీయాలి. చాలా ఇళ్లలో ఉదయం మాత్ర వేసేసి ల్యాబుకు తీసుకెళ్తారు. అంకె ఎక్కువ చూపిస్తుంది, డోసు అనవసరంగా తగ్గిస్తారు, నెల తిరక్కుండా ఉద్రేకం మళ్లీ మొదలవుతుంది. ఆ ఉదయం మాత్ర జేబులో వేసుకుని వెళ్లి, రక్తం ఇచ్చాక వేయండి. మూత్రపిండాలు, థైరాయిడ్, కాల్షియం పరీక్షలు ఆరు నెలలకోసారి చేయించండి.

ప్రశ్న: మా పెద్దవాడికి మానసిక జబ్బు. ఆరేళ్ల చిన్నది 'అన్నయ్య ఎందుకలా అరుస్తాడు?' అంటోంది. ఏం చెప్పాలి?

జవాబు: దాచకండి, మీరు చెప్పకపోతే తనే ఏదో ఊహించుకుంటుంది. తన వల్లే అనుకునే పిల్లలు చాలామంది. "అన్నయ్య మెదడుకు జబ్బు చేసింది. జలుబులా అంటుకోదు. నువ్వేం చేయడం వల్లా రాలేదు" అంటే చాలు. అన్నయ్యను కనిపెట్టుకుని ఉండమని మాత్రం చెప్పకండి, ఆ బరువు ఆరేళ్ల పిల్లది కాదు. అరుపులు మొదలైతే తను ఏ గదిలోకి వెళ్లాలో, ఎవరిని పిలవాలో ముందే చెప్పి, మామూలుగా ఉన్న ఓ రోజున రెండుసార్లు చేయించి చూడండి.