పాఠకుల ప్రశ్నలు, జవాబులు: ఆర్వీలో హోమ్ థియేటర్ మొరాయిస్తే

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటాం. 2007 మోడల్ క్లాస్ ఎ మోటర్‌హోమ్ (బస్సంత ఉండే, ఇల్లులాంటి ఆర్వీ బండి) ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. డ్రైవర్ సీటు పైనున్న క్యాబినెట్‌లో డీవీడీ ప్లేయర్‌తో కలిసిన 5.1 సరౌండ్ సిస్టమ్ ఉంది, బండి తయారైనప్పుడు బిగించిందే. సీలింగ్‌కి ఐదు చిన్న స్పీకర్లు, సోఫా కింద సబ్‌వూఫర్. మొదట్లో బాగానే పనిచేసింది. ఇప్పుడేమో ఒక్కోసారి అసలు ఆన్ అవదు. ఆన్ అయినా కాసేపటికి ‘ప్రొటెక్ట్’ అని చూపించి ఆగిపోతుంది. ఆగకుండా నడిచిన రోజున తెలుగు సినిమా పెడితే పాటలు, ఫైట్లు దద్దరిల్లుతాయి గానీ మాటలు బావిలోంచి వస్తున్నట్టుంటాయి. సర్వీస్ వాళ్లకి చూపిస్తే మొత్తం పీకేసి కొత్తది పెట్టాలి, రెండు వేల డాలర్లు దాటుతుంది అన్నారు. జూలైలో పిల్లలతో యెల్లోస్టోన్ వెళ్లాలని ప్లాన్. పీకించెయ్యమంటారా?

జవాబు: అప్పుడే వద్దండి. మీరు రాసింది చూస్తే ఒకటి కాదు, మూడు జబ్బులు కనిపిస్తున్నాయి, అందులో రెండు అసలు ఆ పెట్టెవి కాకపోవచ్చు. పెట్టె మార్చినా వైర్లూ స్పీకర్లూ అవే ఉంటే కొత్తది కూడా అదే ‘ప్రొటెక్ట్’ చూపిస్తుంది. రెండు వేలు పోసాక ఆ సంగతి తెలిస్తే ఒళ్లు మండుతుంది.

ముందు ఆన్ అవకపోవడం సంగతి. ఆ కాలపు క్లాస్ ఎ బండ్లలో చాలావాటికి ఇళ్లలో వాడే హోమ్ థియేటర్ సెట్‌నే తెచ్చి క్యాబినెట్‌లో కూర్చోబెట్టేవాళ్లు. అంటే దానికి కావాల్సింది బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులు కాదు, గోడ ప్లగ్గులో వచ్చే 120 వోల్టులు. లైట్లు వెలుగుతున్నాయి, నీళ్ల పంపు తిరుగుతోంది కాబట్టి కరెంటు ఉందనుకుంటాం, కానీ అవి 12 మీద నడుస్తాయి. 120 రావాలంటే షోర్ పవర్ (బయటి పాయింట్ నుంచి వైరుతో బండికి తెచ్చుకునే కరెంటు) తగిలించి ఉండాలి, లేదా జనరేటర్ నడుస్తుండాలి, లేదా ఇన్వర్టర్ ఆన్‌లో ఉండాలి. మీ ‘ఒక్కోసారి’ ఈ మూడింట్లో ఏది ఉన్నప్పుడో, ఏది లేనప్పుడో గమనించండి, సగం సమాధానం అక్కడే దొరుకుతుంది. తర్వాత ఆ పెట్టె ప్లగ్గు తీసి అదే పాయింట్‌లో ఒక టేబుల్ లైట్ పెట్టండి. వెలగకపోతే బ్రేకర్లు చూసి, ఆపైన బాత్రూమ్‌లోనో వంటగట్టు దగ్గరో ఉండే జీఎఫ్‌సీఐ ప్లగ్ (కరెంటు లీకైతే తనంతట తానే ఆగిపోయేది) మీద రీసెట్ నొక్కండి. దాని తర్వాత వరసగా కలిపిన పాయింట్లన్నీ అది ట్రిప్ అయితే చచ్చిపోతాయి, కాబట్టి బాత్రూమ్‌లో హెయిర్ డ్రయర్ గొడవకి ముందు గదిలో సినిమా ఆగడం ఈ బండ్లలో వింతేమీ కాదు. ఇన్వర్టర్‌కి తన బ్రేకర్ తనకి విడిగా ఉంటుంది, అదీ చూడండి.

ఇంకోటి ఎవరూ చెప్పరు. బండి నడుస్తుండగా డ్రైవర్ ఎదురుగా టీవీ వెలగకూడదు కాబట్టి, తాళం తిప్పగానే ముందు టీవీకి కరెంటు ఆపేసే రిలే చాలా బండ్లలో ఉంటుంది, సౌండ్ సిస్టమ్ కూడా దాని మీదే ఉండొచ్చు. ఆ రిలే పాడైతే ఇంజిన్ ఆపినా కరెంటు రాదు. ఇక పాయింట్‌లో కరెంటు ఉండి కూడా పెట్టె మేలుకోకపోతే ముందు ప్లగ్గునీ పిన్నునీ గట్టిగా నొక్కి చూడండి. పద్దెనిమిదేళ్లు దాటిన బండి, ఎన్ని గతుకులు తిందో ఎవరికి తెలుసు, వదులు కాకుండా ఉంటేనే ఆశ్చర్యం.

ఇక ‘ప్రొటెక్ట్’. ఇది నిజానికి పెట్టె తనను తాను కాపాడుకుంటోందన్న మాట, చాలాసార్లు దానికి కారణం స్పీకర్ వైర్లు ఎక్కడో ఒకదానికొకటి తగిలి షార్ట్ అవడం. క్యాబినెట్‌లో చేయి పెట్టే ముందు షోర్ వైరు పీకండి, జనరేటర్ ఆటో స్టార్ట్ ఆపండి, ఇన్వర్టర్ కూడా ఆపండి. ఈ మూడోది మర్చిపోయేవాళ్లే ఎక్కువ, బయట వైరు పీకేశాం కదా అనుకుంటారు, లోపల ఇన్వర్టర్ బ్యాటరీలోంచి 120 తయారుచేసి అదే పాయింట్‌కి పంపుతూ ఉంటుంది. అప్పుడు పెట్టె వెనక స్పీకర్ వైర్లన్నీ తీసేయండి, ఏది ఎక్కడిదో ముందే ఫోన్‌తో ఫొటో తీసుకుని, టేపు మీద పేరు రాసి అంటించండి. స్పీకర్లేవీ లేకుండా కరెంటు ఇచ్చి ఒక అరగంట వదిలేయండి. అయినా ప్రొటెక్ట్ వస్తే పెట్టెలోని యాంప్లిఫయరే పోయింది, దానికి రిపేర్ డబ్బులు దండగ. రాకపోతే, ప్రతిసారీ పవర్ ఆపి, ఒక్కో స్పీకరే కలుపుతూ పోండి, ఏది కలిపాక ఆగిందో ఆ లైనే దొంగ. అన్నీ కలిపాక కూడా పావుగంట బాగా నడిచి ఆ తర్వాతే ఆగుతుంటే మాత్రం వేడి. గాలాడని క్యాబినెట్, పైన మండే రూఫ్, టెక్సాస్ ఎండ. తలుపు తెరిచి పెట్టి నడిపితే తేలిపోతుంది.

నా అనుమానం స్లైడ్‌అవుట్ మీద, అంటే బండి ఆపాక స్విచ్ నొక్కితే గోడతో సహా బయటికి జరిగే భాగం మీద. సోఫా స్లైడ్‌లో ఉందో లేదో మీరు రాయలేదు, కానీ ఉంటే సబ్‌వూఫర్ వైరూ, వెనక స్పీకర్ల వైర్లూ ఆ స్లైడ్‌తో పాటు ముందుకీ వెనక్కీ జరుగుతూనే ఉంటాయి. టార్చ్ పట్టుకుని సోఫా కింద పడుకుని చూస్తే, స్లైడ్ అంచు నేలకి తగిలే చోట వైరు మడతపడి, పై ప్లాస్టిక్ ఒరుసుకుపోయి, సన్నటి రాగి పోగులు బయటికొచ్చి పక్క వైరు పోగుల్ని ముట్టుకుంటూ ఉండటం కనిపించొచ్చు. మల్టీమీటర్ ఇరవై డాలర్లకి దొరుకుతుంది. ఓమ్స్‌లో పెట్టి, పెట్టె దగ్గర విడిచిన వైరు చివరల మీద ఆనించండి. 4 ఓమ్‌ల స్పీకర్ అయితే 3 పైచిలుకు, 8 ఓమ్‌లది అయితే 6, 7 మధ్య చూపిస్తే మంచిది. సున్నాకి దగ్గరగా ఉంటే షార్ట్, ఏమీ చూపకుండా ఓఎల్ అంటే ఎక్కడో తెగింది. ఇదే పరీక్ష స్లైడ్ లోపల ఉండగా ఒకసారి, బయటికి తీసి ఒకసారి, వీలైతే మీ ఆవిడ స్విచ్ నొక్కుతుండగా అది కదిలేటప్పుడు కూడా చేయండి. అంకె గెంతితే దొరికిపోయినట్టే. (సర్వీస్ వాళ్లు ఈ పని చేసి ఉండరని పందెం కాస్తాను. గంట లెక్కన డబ్బు తీసుకునేవాళ్లకి వైరు వెతకడం కన్నా పెట్టె మార్చడమే తేలిక.)

మూడోది, మాటలు వినపడకపోవడం. 5.1లో డైలాగులు దాదాపు మొత్తం మధ్య స్పీకర్‌లోంచే వస్తాయి, పాటల సంగీతం మాత్రం అన్నివైపులా పరుచుకుని ఉంటుంది, కాబట్టి మధ్యనున్న ఆ ఒక్క స్పీకర్ పోతే సరిగ్గా మీరు చెప్పినట్టే ఉంటుంది. దాని వైరు చివరలకి పెన్సిల్ సెల్ ఒకదాన్ని అలా ముట్టించి తీయండి, స్పీకర్ బతికుంటే టప్ మని శబ్దం వస్తుంది. రాకపోతే పది పదిహేను డాలర్ల స్పీకర్ అదే సైజులో, అదే ఓమ్‌లలో తెచ్చి పెట్టండి. కొత్తది వచ్చేలోపు సెట్టింగుల్లో సెంటర్ స్పీకర్ ‘నన్’ అని పెడితే ఆ మాటల్ని కుడిఎడమల స్పీకర్లకి పంచుతుంది. ఈ చిట్కాతోనే చాలామంది ఇళ్లలో కూడా గొడవ తీరిపోతుంది. టీవీ కొత్తది పెట్టి ఉంటే ఆప్టికల్ వైరుతో కలపాలి. హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ వైరులోనే సౌండ్ సిస్టమ్‌కి వెనక్కి పంపే ఏర్పాటు) అనేది 2009లో వచ్చింది, మీ పెట్టెకి అది ఉండదు. టీవీ సౌండ్ అవుట్‌పుట్ ‘పీసీఎం’ అని ఉంటే రెండు చానెళ్లే వెళ్తాయి, ‘డాల్బీ డిజిటల్’ అని మార్చండి.

ఇవన్నీ చేశాక కూడా పెట్టెదే తప్పని తేలితే మార్చండి, కానీ ‘మొత్తం పీకడం’ మాత్రం ఒప్పుకోకండి. గోడల్లో, సీలింగ్‌లో దాచిన వైర్లే ఈ సిస్టమ్‌లో అసలు ఆస్తి. మళ్లీ వేయాలంటే ప్యానెళ్లు విప్పాలి, అక్కడ ఎక్కడ గ్యాస్ పైపు ఉందో ఎక్కడ కరెంటు ఉందో తెలియకుండా డ్రిల్ పెట్టడం ఎవరికీ మంచిది కాదు. మామూలు ఏవీ రిసీవర్ (స్పీకర్లని నడిపే విడి పెట్టె) కొంటే ఒక చిక్కుంది: పాత సెట్ స్పీకర్లు 3, 4 ఓమ్‌లవి అయి ఉంటాయి, బయట దొరికే రిసీవర్లలో చాలావాటికి 6 గానీ 8 గానీ కావాలి. పెట్టె, స్పీకర్ల వెనక రాసింది చదవకుండా కలిపితే మళ్లీ మొదటికే వస్తారు. లోతు కూడా కొలవండి, వెనక వైర్లు వంగడానికి రెండు మూడు అంగుళాలు, పైన గాలికి ఇంకో రెండు.

నా మాట అడిగితే, బండి వెడల్పు మహా అయితే ఎనిమిదిన్నర అడుగులు, అందులో ఐదు స్పీకర్ల సరౌండ్ కోసం తాపత్రయం పడక్కర్లేదు. సెంటర్ చానెల్ ఉన్న 3.1 సౌండ్‌బార్ ఒకటి ఏఆర్‌సీతో టీవీకి కలిపి, గట్టిగా స్క్రూలతో బిగిస్తే, అతుకు టేపుతో కాదు, మాటలు శుభ్రంగా వినపడతాయి, కరెంటూ తక్కువ తింటుంది. వెనక స్పీకర్లు వైర్‌లెస్ అని అమ్ముతారు, వాటికీ కరెంటు ప్లగ్గు కావాలని డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది.

కరెంటు లెక్క యెల్లోస్టోన్‌లో బాగా అవసరం పడుతుంది. పార్కు లోపల హుకప్‌లు (సైటులోనే కరెంటు, నీళ్లు, మురుగు కలుపుకునే ఏర్పాటు) ఉన్నది ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్వీ పార్కు ఒక్కదాంట్లోనే. మిగతా క్యాంప్‌గ్రౌండ్‌లలో జనరేటర్‌కి అనుమతి ఉన్నచోట కూడా ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకానే. పిల్లలు సినిమా అడిగేది ఆ తర్వాతే కదా, అంటే ఇన్వర్టర్, బ్యాటరీ. టీవీ, రిసీవర్ కలిపి 150 వాట్లు అనుకుంటే ఇన్వర్టర్ నష్టంతో 170 అవుతుంది. 100 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడుకోవాలి, అది సుమారు 600 వాట్ అవర్లు, మూడున్నర గంటల్లో సరి. ఒక సినిమా చూడొచ్చు, రెండోది మొదలుపెడితే పొద్దున హీటర్ ఫ్యాన్ తిరగదు. అక్కడ జూలైలో కూడా రాత్రిళ్లు చలే. సబ్‌వూఫర్ కూడా తగ్గించండి, ఆ పల్చటి గోడల్లోంచి బేస్ పక్క సైటుకి నేరుగా వెళ్తుంది.

ప్రశ్న: న్యూజెర్సీ నుంచి రాస్తున్నా. మా ఆర్వీ స్పీకర్లలో ఎప్పుడూ ‘గుంయ్’ మని శబ్దం. సౌండ్ తగ్గించినా అది తగ్గదు. కొత్త రిసీవర్ కొనాలా?

జవాబు: కొనకండి, అది చాలావరకు రిసీవర్ తప్పు కాదు. క్యాంప్‌గ్రౌండ్ కేబుల్ టీవీ వైరు తగిలించి ఉందా? అది పీకి చూడండి. శబ్దం ఠక్కున పోతే అది గ్రౌండ్ లూప్ (రెండు దారుల్లో గ్రౌండ్ కలవడం వల్ల పుట్టే రొద), కేబుల్ వైరు మధ్యలో పెట్టే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ చిన్నది దొరుకుతుంది, అది చాలు. షోర్ పవర్ మీద ఉన్నప్పుడు రాకుండా ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడే వస్తుంటే మీ ఇన్వర్టర్ మోడిఫైడ్ సైన్ వేవ్ రకం (కరెంటు అలని మెట్లు మెట్లుగా ఇచ్చేది) అయి ఉంటుంది, ఆడియోకి నున్నటి అలనిచ్చే ప్యూర్ సైన్ వేవ్ కావాలి. ఇంజిన్ స్పీడుతో పాటు ఈల పెరుగుతుంటే అది ఆల్టర్నేటర్ నుంచి వచ్చేది, దానికి రేడియో గ్రౌండ్ వైరు శుభ్రం చేసి బిగించడంతో మొదలుపెట్టండి. గ్రౌండ్ పిన్ను విరగ్గొట్టి శబ్దం పోగొట్టే వీడియోలు మాత్రం చూసి నేర్చుకోవద్దు, ఆ పిన్ను షాక్ కొట్టకుండా ఉండటానికే ఉంది.

ప్రశ్న: మా నాన్నగారు హైదరాబాద్ నుంచి వస్తూ తనకిష్టమైన పాత యాంప్లిఫయర్, రెండు స్పీకర్లు తెచ్చారు. మా మోటర్‌హోమ్‌లో బిగించమంటున్నారు. అవుతుందా? వద్దంటే బాధపడతారు.

జవాబు: స్పీకర్లకి ఇబ్బంది లేదు, వాటికి దేశంతో పని లేదు, ఓమ్‌లు సరిపోతే కలిపేయండి. యాంప్లిఫయర్ వెనక పట్టీ మీద 100–240 అని ఉంటే ప్లగ్గు మారిస్తే చాలు. 230 మాత్రమే అని ఉంటే ఇక్కడి 120 మీద సరిగా నడవదు, స్టెప్ అప్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. అది బరువు, వేడి, దాన్ని ఇన్వర్టర్ మీద నడిపితే బ్యాటరీకి ఇంకో దెబ్బ. నేనైతే యాంప్లిఫయర్‌ని ఇంట్లో, ట్రాన్స్‌ఫార్మర్‌తో ఆయన గదిలోనే పెట్టిస్తాను. బండిలోకి ఆ స్పీకర్లు తీసుకెళ్లి, 12 వోల్టుల మీద నడిచే చిన్న యాంప్లిఫయర్‌కి కలపండి. వైర్లు కలిపేటప్పుడు ఒక జాగ్రత్త: ఆర్వీల్లో 12 వోల్టుల లైన్లకి సాధారణంగా నల్లదే పాజిటివ్, తెల్లది నెగెటివ్. కారు స్టీరియోలో నల్లది గ్రౌండ్. ఆ లెక్కన కలిపితే కొత్త యాంప్లిఫయర్ కాలిపోతుంది. మీటరు పెట్టి చూసి, లైనులో ఫ్యూజు వేసి, అప్పుడు కలపండి.