12,400 స్టైపెండ్ కోసం 30,000 ఉద్యోగం వదులుకోవాలా?

ప్రశ్న: మాది సూళ్లూరుపేట. మా అమ్మాయి ఈ ఏడాది బీటెక్ మెకానికల్ పూర్తి చేసింది. చెన్నై సిరుసేరిలో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీ నెలకు 30,000 ఇస్తామంది. ఇంతలో గేట్ స్కోరుతో ఐఐటీ మద్రాస్‌లో ఎం.ఎస్. బై రీసెర్చ్ సీటు వచ్చింది. తను సీటే కావాలంటోంది. అక్కడి రీసెర్చ్ విద్యార్థుల విజయాలతో డిపార్ట్‌మెంట్ వేసిన పుస్తకం చూపించింది. ఒకరికి బెస్ట్ పేపర్, ఒకరికి విదేశంలో కాన్ఫరెన్స్, ఒకరికి పేటెంట్. అందరూ ఇలాగే ఉంటారా? తనకు 22 ఏళ్లు. పెళ్లి సంగతీ చూడాలి. ఏం చేయమంటారు?

జవాబు: సూళ్లూరుపేట అన్నారు కాబట్టి 2024 మే 30 మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజు పొద్దున శ్రీహరికోట నుంచి అగ్నికుల్ అనే ప్రైవేటు కంపెనీ రాకెట్ ఎగిరింది. దాని ఇంజన్‌ని త్రీడీ ప్రింటింగ్‌తో ఒకే ముక్కగా చేశారు. ఆ కంపెనీ 2017లో మొదలైంది, మీ అమ్మాయికి సీటొచ్చిన ఐఐటీ మద్రాస్‌లోనే. ఆ రోజుకు ముందు ఆ ప్రయోగం నాలుగుసార్లు ఆగిపోయింది. అవి ఎంతమందికి గుర్తున్నాయి? మీకు చూపించిన పుస్తకమూ అంతే, అందులో ఎగిరిన రోజులే ఉంటాయి. రాసినవి అబద్ధాలు కావు. మధ్యలో వదిలేసి వెళ్లినవాళ్ల పేజీ మాత్రం ఎవరూ వేయరు.

లోపలి జీవితం ఎలా ఉంటుందంటే, మొదటి రెండు సెమిస్టర్లు క్లాసులు, పరీక్షలు. వాటితో పాటు వారానికి ఎనిమిది గంటల దాకా టీఏ (టీచింగ్ అసిస్టెంట్) పని, అంటే బీటెక్ పిల్లల ల్యాబ్ రికార్డులు దిద్దడం, పరీక్షల్లో ఇన్విజిలేషన్ లాంటివి. స్టైపెండ్ ఇచ్చేది అందుకే. ఆ తర్వాత ల్యాబే ఇల్లు. పెద్ద మెషీన్ల మీద స్లాట్ బుక్ చేసుకోవాలి, దొరికేది ఒక్కోసారి రాత్రి పదకొండుకి. రీడింగ్ రాదు. వచ్చినా తప్పొస్తుంది. వారం పోయాక చూస్తే ఎక్కడో ఒక వైరు వదులుగా ఉంటుంది. పేపర్ రాసి జర్నల్‌కి పంపితే నాలుగు నెలలకు రివ్యూయర్లు, అంటే దాన్ని పరిశీలించే నిపుణులు, ఇరవై ప్రశ్నలు తిప్పి పంపుతారు. ఫోన్‌లో అమ్మాయి గొంతు నీరసంగా ఉంటే చదువు రాక అనుకోకండి, ఆ వారం సెటప్ పనిచేయలేదని అర్థం.

ఇక ఆ పుస్తకాన్ని ఎలా చదవాలో చెబుతాను, ఇది నా అనుభవం మీద నేర్చుకున్నది. నేను రీసెర్చ్ చేసింది వేరే కాలేజీలో. మా ల్యాబ్‌లో ముఖ్యమైన మెషీన్ ఎనిమిది నెలలు చెడిపోయి ఉంది, బాగుచేయించే దిక్కు లేదు. అదే ఏడాది కాలేజీ వార్షిక నివేదికలో నా ఫొటో వేశారు, బెస్ట్ పేపర్ అవార్డు అని. నిజమే, వచ్చింది. ఆ కాన్ఫరెన్స్‌లో ప్రతి సెషన్‌కీ ఒక బెస్ట్ పేపర్ ఇచ్చారు, మా సెషన్‌లో ఉన్నవి మూడే పేపర్లు. మా నాన్న ఆ పేజీ కత్తిరించి దాచుకున్నారు, నేను నోరు విప్పలేదు.

కాబట్టి అవార్డుల దగ్గర ఆగకండి. పేపర్ మీద విద్యార్థి పేరు మొదట ఉందా, చివర్లో ఇరికించారా చూడండి. డబ్బు కడితే చాలు అచ్చేసే జర్నళ్లూ ఉన్నాయి, ఏది ఎలాంటిదో మీ అమ్మాయికి సీనియర్లు చెబుతారు. నా దృష్టిలో వీటన్నిటికంటే పెద్ద విషయం థీసిస్ సకాలంలో ముగించడం. పుస్తకంలో దానికి ఒక్క లైనే ఉంటుంది, పేరూ థీసిస్ టైటిలూ.

డబ్బు సంగతి. గేట్‌తో చేరిన ఎం.ఎస్. వాళ్లకు నెలకు 12,400 వస్తుంది. 30,000తో పోలిస్తే చిన్నదే, కాదనను. ఇంటి మీద అప్పు ఉండి తన జీతం మీదే ఆధారపడి ఉంటే నా సలహా మారుతుంది, మొహమాటం లేకుండా మళ్లీ రాయండి. అలాంటిదేమీ లేకపోతే సీటు వదులుకోవద్దంటాను. ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీలో మెకానికల్ చదువుతో పనుండదు. ఎం.ఎస్. తర్వాత క్యాంపస్ ప్లేస్‌మెంట్లకు కూర్చోవచ్చు, బాగా చేస్తే పీహెచ్‌డీలోకి మారనూ వచ్చు. పీహెచ్‌డీలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే ఆ మొత్తం 2023 జనవరి నుంచి నెలకు 37,000.

పెళ్లి గురించి ఒక్క మాటే. ఇప్పుడు చేరితే బయటికి వచ్చేసరికి తనకు ఇరవై అయిదు. అదేం ఆలస్యం కాదండీ.

అయితే సీటు కంటే గైడ్, అంటే రీసెర్చ్ చేయించే ప్రొఫెసర్, ముఖ్యం. గైడ్‌ని ఖాయం చేసుకోకముందే ఒక శనివారం మీరిద్దరూ లోకల్ ఎక్కి చెన్నై రండి. సెంట్రల్ నుంచి గిండీ దాకా మెట్రో ఉంది. శనివారం కదా, ఎవరుంటారు అనుకోకండి, రీసెర్చ్ పిల్లలు ఉంటారు. తను చేరాలనుకుంటున్న ల్యాబ్‌లో ఇద్దరు సీనియర్లతో, గైడ్ లేనప్పుడు, మాట్లాడమనండి. గత అయిదుగురు ఎన్నేళ్లకు బయటపడ్డారు? ఇప్పుడెక్కడ ఉన్నారు? మధ్యలో ఎవరైనా మానేశారా, ఎందుకు? గైడ్ వారానికోసారైనా కూర్చుని మాట్లాడతారా? మెషీన్లు నడుస్తున్నాయా? చివరి ప్రశ్న నా తరఫున తప్పకుండా అడగమనండి.

ఆ మాటల దగ్గర మీరుండొద్దు. నాన్నగారు పక్కనుంటే సీనియర్లు అంతా బాగుందనే చెబుతారు. చెట్టు కింద బెంచీ చూసుకుని కూర్చోండి, చుక్కల జింకలు మీ ముందు నుంచే నడిచి వెళ్తాయి. ఇంటి నుంచి తెచ్చుకున్న టిఫిన్ డబ్బా మాత్రం ఒళ్లోనే పెట్టుకోండి, అక్కడి కోతులు మహా గడుసువి.