బుజ్జీ, బరువు పెల్లెట్ మాట తర్వాత

పర్లాకిమిడి

బుజ్జీ,

మావయ్య ఆశీస్సులు. నువ్వు ఫోన్లో పంపిన ఉత్తరం రెండుసార్లు చదివాను. భువనేశ్వర్ ఎయిర్ రైఫిల్ పోటీకి ఇంకా రెండు నెలలుంది కదా, అందుకని తీరిగ్గా రాస్తున్నాను. నువ్వూ తీరిగ్గానే చదువు.

ముందు ఆ వీడియోల సంగతి. అమెరికాలో కొందరు ఇంట్లోనే బల్ల దగ్గర కూర్చుని, సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కి పోటీల కోసం చేసిన బరువైన బుల్లెట్లతో తూటాలు తయారు చేసుకుంటున్నారని, మనమూ అలాంటిదేదో చేస్తే మార్కులు పెరుగుతాయా అని అడిగావు. వాళ్ళు కాల్చేది 600 గజాల దూరం. అంత దూరంలో గాలి బుల్లెట్‌ని పక్కకి లాగేస్తుంది. పొడుగ్గా, బరువుగా ఉన్న బుల్లెట్ గాలికి తక్కువ లొంగుతుంది. వాళ్ళ తాపత్రయమంతా అందుకే. వాళ్ళ చట్టం ఒప్పుకుంటుంది కాబట్టి చేసుకుంటారు. ఇక్కడ 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం నేరం. అందులోనూ మనం ఉండేది ఎలాంటి చోటో నీకు తెలుసు. రాయగడ, కొరాపుట్ వైపు తూటా అనే మాట వింటేనే పోలీసులు చెవులు నిక్కబొడుచుకుంటారు. ఎవరైనా ఖాళీ తూటాలు తెచ్చి చూపించినా ముట్టుకోకు. ఈ విషయంలో మావయ్య మాట వినాలి.

నీ ఆట 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. పైన కప్పు ఉంటుంది, గాలి గొడవ లేదు. గాలి ఒత్తిడితో పోయే చిన్న సీసం గుండు, అదే పెల్లెట్, సెకనుకి సుమారు 170 మీటర్ల వేగంతో వెళ్తుంది, అంటే టార్గెట్‌కి చేరడానికి సెకనులో పదహారో వంతు. ఆ కాసేపట్లో బరువు నీకు చేసిపెట్టే మేలు చాలా తక్కువ. మీ క్లబ్‌లో కుర్రాడు గుండ్రటి తల ఉన్న బరువు పెల్లెట్లు వాడుతున్నాడన్నావు. అవి దూరం కాల్చేవాళ్ళవి. కాగితం మీద కన్నం చిరిగినట్టు పడుతుంది, మార్కు చూడటం కష్టం. చదును తల పెల్లెటయితే పంచ్ మెషీన్‌తో కొట్టినట్టు గుండ్రంగా కోస్తుంది. రైఫిల్‌కి మామూలుగా 0.53 గ్రాములవి వాడతారు, 0.45 దగ్గరవి ఎక్కువగా పిస్టల్ వాళ్ళు వాడతారు. నువ్వు 0.53 దగ్గరే ఉండు.

అసలు సంగతి బ్యాచ్, అంటే ఒకే విడతలో తయారైన పెల్లెట్లు. డబ్బా వెనక నంబరు చూస్తే ఏ బ్యాచో తెలుస్తుంది. టార్గెట్ మధ్యలో పది మార్కుల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. నీ పెల్లెట్ 4.5 మిల్లీమీటర్లు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా ఆఖరి షాట్‌కి ముందు ఫిన్లాండ్ షూటర్‌తో సమానంగా ఉన్నాడు. ఆ షాట్ 10.8 కొట్టి బంగారం తెచ్చాడు. అంత సన్నటి తేడా దగ్గర డబ్బా మీద బొమ్మ ఏ పనీ చేయదు. ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే రంగు డబ్బా అయినా వేరే అచ్చులో వేరే రోజున నొక్కి చేసిన పెల్లెట్ నీ బ్యారెల్‌కి నచ్చకపోవచ్చు. తల కొలత కూడా 4.49, 4.50, 4.51 అని ఉంటుంది. ఏది నచ్చుతుందో కాల్చి చూస్తేనే తెలుస్తుంది.

నాకు ఈ సంగతి కష్టపడితే గానీ తెలియలేదు. ఒకసారి పోటీకి ముందురోజు డబ్బా అయిపోతే అదే పేరుది ఇంకోటి కొన్నాను. వెనక నంబరు చూడలేదు. మర్నాడు షాట్లన్నీ ఎడమ పక్కకి, కాస్త చెదిరి పడ్డాయి. గురి చూసే సైట్ తిప్పాను, మళ్ళీ తిప్పాను, ఊపిరి తప్పనుకున్నాను, భుజం తప్పనుకున్నాను. టెన్షన్‌తో చెమటలు పట్టాయి. ఇంటికొచ్చాక పాత డబ్బాలో అడుగున మిగిలిన ఏడు పెల్లెట్లు కాలిస్తే ఏడూ ఒకే కన్నంలో పడ్డాయి. ఆ కాగితం ఇంకా నా దగ్గరుంది.

పరీక్ష ఇలా చెయ్యి. రైఫిల్‌ని బెంచ్ వైస్‌లో, అంటే బల్లకి బిగించిన ఇనుప పట్టులో, పెట్టగలిగితే మంచిది. సైకిల్ ట్యూబు ముక్క చుట్టి చెక్క భాగం దగ్గర మెల్లగా బిగించు, బ్యారెల్ మీద, గాలి నింపే సిలిండర్ మీద మాత్రం వద్దు. వైస్ దొరక్కపోతే మీ నాన్న పాత జీన్స్ కాలు కోసి ఇసుక నింపి కుట్టు, దాని మీద ఆనించు. ఒక్కో బ్యాచ్‌వి అయిదేసి షాట్లు, కనీసం ఆరు కాగితాల మీద. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుందంటారు, ఇక్కడ ఆ లెక్క పనికిరాదు. ఒక్క కాగితం మీద అయిదు షాట్లూ దగ్గరగా పడ్డాయని మురిసిపోవద్దు. పక్కకి పోయిన షాట్‌ని "అది నా తప్పులే" అని తీసెయ్యకు, లెక్కలో ఉంచు. ఆరు కాగితాల్లోనూ కన్నం ఒక్క పెల్లెట్ కన్నం కంటే కాస్తే పెద్దగా ఉంటే అదే నీ బ్యాచ్. డబ్బులు కూడబెట్టి ఆ నంబరువే నాలుగు డబ్బాలు కొనుక్కో.

కాల్చే ముందు ఒక్కో పెల్లెట్‌నీ చూడు. మన ఊళ్ళో కొమ్ము పనివాళ్ళని చూశావుగా, కొమ్ముతో చేసిన కొంగ బొమ్మ మెడ నునుపు చేశాక కిటికీ దగ్గర పక్కవాటు వెలుతురులో తిప్పుతారు. ఎదురుగా కనపడని గీత అలా కనపడుతుంది. నువ్వూ అంతే. పెల్లెట్ వెనకాల పావడా లాంటి అంచు ఉంటుంది, స్కర్ట్ అంటారు. అక్కడ నొక్కు పడితే గాలి ఒక పక్క ముందు బయటికి తన్నుతుంది, పెల్లెట్ ఒరిగిపోతుంది. అద్దం పలక మీద పక్కకి పడుకోబెట్టి వేలితో మెల్లగా తొయ్యి. బాగున్నది నున్నగా వంపు తిరుగుతూ దొర్లుతుంది, నొక్కు ఉన్నది ఎగిరెగిరి ఆగిపోతుంది. ఆగిపోయినవి ప్రాక్టీసుకి వేరే డబ్బాలో వెయ్యి. కంసాలి కాటాలో తూచడం నేనూ చేశాను, నెలల తరబడి. స్కర్ట్ చూడటంలో దొరికిన లాభంలో సగం కూడా దొరకలేదు. సరదా ఉంటే తూచుకో, నిద్ర మాత్రం మానుకోకు.

డబ్బాని కుదపకు. రైల్లో బ్యాగు పై బెర్తు మీద పడేస్తే స్కర్టులన్నీ సొట్టలు పోతాయి, ఒళ్ళో పెట్టుకో. వానాకాలం వంశధార గట్టు తేమకి సీసం మీద తెల్లటి పొడి పడుతుంది, మూత గట్టిగా బిగించు. పెల్లెట్లు నోట్లో పెట్టుకునే అలవాటు కొందరు పిల్లలకుంది, నాకు భయం. అది సీసం. కాల్చాక సబ్బుతో చేతులు కడుక్కున్నాకే మరమరాలు ముట్టుకో.

సిలిండర్ మీద తేదీ చూడు. పదేళ్ళు దాటితే పోటీలో వాడకూడదు, దాటకపోయినా ఎండలో స్కూటర్ మీద వదలకు, లోపల 200 బార్ ఒత్తిడితో గాలి ఉంటుంది. 20 జౌల్స్ లోపు, 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు. అయినా బిల్లు, క్లబ్ కార్డు, పోటీ ఎంట్రీ కాగితం బ్యాగులో పై అరలోనే ఉంచు. ఎవరైనా ఆపితే రైఫిల్ నువ్వు తియ్యకు, కాగితాలు ముందు ఇవ్వు. కాల్చనప్పుడు బ్యారెల్‌లో సేఫ్టీ ఫ్లాగ్, అంటే రైఫిల్ ఖాళీ అని చూపించే రంగు తీగ, ఎప్పుడూ ఉండాలి.

ఆదివారం మీ నాన్న గుణుపురం రైల్లో వస్తున్నాడు కదా, నాలుగు బ్యాచ్‌ల డబ్బాలు ఇచ్చి పంపుతున్నాను. మూతల మీద ఒకటి, రెండు, మూడు, నాలుగు అని కాగితం అంటించాను. ఏది ఏ నంబరో నీకు చెప్పను, ముందే తెలిస్తే మనసు ఒక పక్కకి మొగ్గుతుంది. కాల్చిన కాగితాల వెనక తేదీ, డబ్బా అంకె రాసి దాచు. దసరాకి వచ్చినప్పుడు పట్టుకురా, అరుగు మీద పరిచి ఇద్దరం చూద్దాం.

మీ అమ్మని అడిగానని చెప్పు.

మీ మావయ్య